పీరాంబీ వసారా అరబ్బీ

తనకల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఆడమనిషి కువైట్‌కు పోవాలనుకున్నా ముందుగా పీరాంబీ వసారా మెట్లెక్కాలి. ఇది ఎవరో పెట్టిన కట్టుబాటు కాదు, అలా జరుగుతూ వచ్చిందంతే. వీసా ఏజెంటు తెస్తాడు. బెంగళూరు దాకా బస్సుంది. అక్కణ్ణుంచి విమానం సముద్రం దాటిస్తుంది. ఇవన్నీ ఎవరైనా చేసిపెడతారు గానీ, ఆ ఇంట్లో దిగాక నోట్లోంచి రావాల్సిన మాట ఎవరిస్తారు? పీరాంబీయే ఇవ్వాలి. ఇరవై ఏళ్లకు పైగా ఆమె చేస్తున్న పని అదే.

బడి అనగానే బల్లలూ పలకలూ అనుకునేరు. అలాంటివేం లేవు. తొలకరికి ముందు విత్తనాల కోసం వేరుశనక్కాయలు ఒలిచే రోజులుంటాయి చూడండి, ఆ రోజుల్లో జరిగే చదువు అది. రైతులు మూటలు దించి పోతారు. ఆడవాళ్లు తలా ఒక చాట ముందేసుకుని కాళ్లు చాపుకుని కూర్చుంటారు. కాయల మీద కాసిని నీళ్లు చిలకరిస్తే తొక్క మెత్తబడుతుంది. పీరాంబీ ఒక కాయ చిట్లించి ఒక మాట అంటుంది. మిగతావాళ్లంతా తలా ఒక కాయ చిట్లించి అదే మాట అనాలి. నీళ్లకో కాయ, చేపకో కాయ, ఆకలికో కాయ. తప్పు పలికినామె గుప్పెడు గింజలు తీసి పక్కామె చాటలో పోయాలి. కూలి కొలతను బట్టి వస్తుంది కాబట్టి ఎవరూ ఊరికే తప్పు పలకరు. మొదటి వేసవిలో అందరికంటే ఎక్కువ గింజలు పోగొట్టుకున్న నల్లమ్మ, ఇప్పటికీ కువైట్‌లోనే ఉంది. ఆమె వెనకాల ఎంతమంది పోయారో పీరాంబీ లెక్క పెట్టుకోలేదు.

పీరాంబీకి మాత్రం ఆ మాట ఎవరూ వసారాలో కూర్చోబెట్టి నేర్పలేదు. ఫరీదాకు పాలు మాన్పించి, అత్త చేతిలో పెట్టి విమానమెక్కిన మనిషి ఆమె. దిగిన ఇంట్లో ఎవరేమన్నా తల ఊపేది. తిన్నావా అంటే ఊపేది, తింటావా అంటే ఊపేది. ఒకసారి జ్వరం తగిలింది. జ్వరం అని చెప్పడానికి మాట లేదు. బట్టలుతికే గదిలో గోడవైపు తిరిగి పడుకుంటే, కొత్తపిల్ల ఒళ్లు దాచుకుంటోందని ఇంటి కోడలు గట్టిగా కేకలేసింది. ఆ కేకలకు కూడా పీరాంబీ తల ఊపింది.

ఆ ఇంట్లో పెద్దామె ఒకతె ఉండేది. అందరూ యుమ్మా అనేవాళ్లు, అమ్మా అని. ఆమె వచ్చి పీరాంబీ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. కోడల్ని చెడామడా తిట్టింది. జ్వరం తగ్గాక ముంగిట్లో చాప పరిచి, బియ్యం పళ్లెం మధ్యలో పెట్టి, రాయి ఏరినప్పుడల్లా ఒక మాట నేర్పడం మొదలుపెట్టింది. చేతికి పని ఉంటే మాట తనంతట తనే లోపలికి పోతుందని ఆమె నమ్మకం. యుమ్మా నాన్న పడవ నడిపేవాడట. ఖర్జూరం వేసుకుని బొంబాయికీ కాలికట్టుకూ వచ్చి, కలపా బియ్యమూ నింపుకుని పోయేవాడట. అందుకే ఆమె మాటల్లో మన సరుకు చాలా ఉండేది. చెప్పులు జూతి, ఇనప్పెట్టె తిజోరి, గాలి విసిరేది బంకా. ఆ మాటలు విన్న రోజు పీరాంబీ పరాయిదేశంలో చుట్టం కనిపించినట్టు సంబరపడింది.

పదేళ్లపాటు ఆ ముసలామె నోటి నుంచి రాలిన ప్రతి మాటా పీరాంబీ ఏరుకుంది. పిలుపులూ తిట్లూ దీవెనలూ, చేపలు తోమేటప్పుడు తీసే రాగం కూడా. యుమ్మా పోయాక ఆ ఇంట్లో ఉండబుద్ధి కాక తనకల్లు చేరింది. అప్పటికి ఫరీదా తల్లిని చూసి అవ్వ కొంగు చాటున దాక్కునే పిల్ల. ఆ పిల్లను మచ్చిక చేసుకోవడానికే పీరాంబీకి ఏడాది పైన పట్టింది.

ఊళ్లో అరబ్బీ మాట్లాడ్డానికి ఎవరున్నారు? మేకలతో మాట్లాడేది. మొగుడు జమాల్ బాషా పెద్దగా మాట్లాడే మనిషి కాదు గానీ, సందు దొరికితే ఒక చురక వేస్తాడు. మన మేకలు బక్రీద్‌కు అమ్ముడు పోవడం లేదే, అరబ్బీ వచ్చినందుకు జనం కోయడానికి భయపడతాండారు అనేవాడు. పీరాంబీ నవ్వేది కాదు. కొండ మీద ఎండ తెల్లగా కాచే మధ్యాహ్నాల్లో, చెట్టన్నది లేని చేను అంచున ఆవిరి ఆడుతుంటే, అది నీళ్లలాగే కనపడేది ఆమెకు. ఆ నీళ్ల ఒడ్డున నిలబడి మేకల్ని యుమ్మా గొంతుతో పిలిచేది. అవి వచ్చేవి కూడా.

ఈ ఏడాది ఫరీదా కువైట్ పోతానంది.

వాన మొహం చాటేసి మూడేళ్లవుతోంది. ఫరీదా మొగుడు ముబారక్ తాడిపత్రిలో బండల లారీ నడుపుతాడు. అద్దె ఇంటి రేకుల కింద వేసవి గడపడం చేతకాక, తమదంటూ రెండు గదులు వేసుకోవాలని వాళ్ల ఆశ. పోవద్దని చెప్పడానికి పీరాంబీకి నోరు రాలేదు. తాను పోలేదా? పోనీ, పోయేదేదో నోరున్న మనిషిగా పోవాలి, నాలాగా గోడవైపు తిరిగి పడుకోకూడదు అనుకుంది. ఆ ఒక్క పట్టుదలతో కూతుర్ని మిగతా ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టి, అందరికంటే ఎక్కువ కాయలు ఒలిపించింది.

ఫరీదా గట్టిది. వారం తిరిగేసరికి పక్కవాళ్ల గింజలన్నీ ఆమె చాటలోనే ఉన్నాయి. ఆ రోజు దీవెనలు చెప్పుకుంటున్నారు. ప్రాణానికి ప్రాణమైన వాళ్లను పిలిచే మాట ఒకటుంది అరబ్బీలో, యా బాద్ చబ్దీ అని. నా కార్జం పోయినంక కూడా నువ్వు బతకల్ల అని దాని అర్థం. యుమ్మా పీరాంబీని అలాగే పిలిచేది. ఫరీదా కాయ చిట్లించి, సాగదీసి, సరిగ్గా ముసలమ్మ తీసినట్టే తీసి ఆ మాట అంది. పీరాంబీ కళ్లు మూసుకుని వింటోంది.

అప్పుడు మెట్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

చూస్తే కృపాకుమారి. పక్క పల్లె పిల్ల, రెండేళ్ల కిందట ఇదే వసారాలో ఒలిచి కువైట్ పోయింది. సెలవు మీద వచ్చి, పీరాంబీకి ఖర్జూరం పెట్టె, పాలపొడి డబ్బా ఇచ్చి పోదామని వచ్చింది. నవ్వు జారిపోయాక నాలుక్కరుచుకుంది గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. ఎందుకు నవ్వినావ్ మే అని పీరాంబీ అడిగింది. ఏం లేదత్తా అంది కృపాకుమారి. ఏం లేకుండా ఎవరన్నా నవ్వుతారా? పీరాంబీ వదిలే రకం కాదు. చాట పక్కన పెట్టి, చెప్పేదాకా కాఫీ లేదంది. కృపాకుమారి కూడా మనసులో దాచుకోగల పిల్ల కాదు.

"ఆ మాటలు ఇప్పుడు ఆడ ఎవురూ అనరత్తా. నేను మొదటిరోజు నోరు తెరిస్తే ఇల్లంతా కూడింది. మేడమ్ ఫోన్‌లో పట్టుకోని మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు అనింది. పిలకాయలు పొర్లి పొర్లి నగినారు. నాకు ఇరవై ఏడేండ్లు. ఆ ఇంట్లో నా పేరు అవ్వ."

వసారాలో కాయలు చిట్లే చప్పుడు ఆగిపోయింది. కృపాకుమారి కాస్త సర్దిచెప్పబోయింది. అక్కడి పిల్లలు సగం ఇంగ్లీషే మాట్లాడతారట, వాళ్ల అమ్మలు టీవీలో వచ్చే అరబ్బీ మాట్లాడతారట, బంకా అంటే ఏమిటో అడిగి తెలుసుకోవాల్సిన పిల్లలు కూడా ఉన్నారట. పీరాంబీ నేర్పింది తప్పేమీ కాదు, అది వాళ్ల ముత్తవ్వల మాట, అంతే. తనకల్లు నుంచి ఎవరు పోయినా ముసలమ్మే వచ్చిందంటారని కూడా చెప్పేసింది.

"అందర్నీ నగినారా?" అని అడిగింది పీరాంబీ.

"అందర్నీ అత్తా."

"నల్లమ్మను కూడానా?"

కృపాకుమారి తల ఊపింది.

"ఇన్నేండ్లలో నాకు ఒగరన్నా చెప్పల్యా."

"నీకెట్ల చెప్పేదత్తా," అంది కృపాకుమారి. ఆమెకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నువ్వు అంత ఇష్టంగా నేర్పిస్తివి."

ఆ సాయంత్రం పీరాంబీ మూటలు రైతులకు తిప్పి పంపింది. నడుం నొప్పి అంది. నొప్పి నడుంలో లేదని జమాల్ బాషాకు తెలుసు. సెలవు మీద వచ్చినవాళ్లంతా అత్తరు సీసాలూ స్కార్ఫులూ చేతిలో పెట్టి, నీ పుణ్యమే అత్తా అంటుంటే ఆమె నిజమని నమ్మింది. అక్కడ వీళ్లను మొహం మీదే ఎగతాళి చేస్తున్నారని ఊహించలేదు. తన జ్వరం నాటి అవమానం ఇంకో ఆడదానికి రాకూడదని చేసిన పనే, ఇంతమందిని నవ్వులపాలు చేసింది. చనిపోయిన మనిషి నోటిని తీసి బతికున్న పిల్లలకు అతికించి పంపాను అనుకుంది.

మాటలు పాతబడితే ఏమే, దుడ్లు పాతబడినాయా, అందరూ పనిచేసి సంపాదించుకోనే వచ్చినారు కదా అన్నాడు జమాల్ బాషా. ఆయన ఓదార్పులు అలాగే ఉంటాయి.

మర్నాటి నుంచి ఫరీదాతో ఒక్క అరబ్బీ మాట అనలేదు. ఫోన్‌లో నేర్చుకోపో, అందులో కొత్తది దొరుకుతుంది అంది. ఫరీదా బతిమాలింది, అలిగింది, చివరికి ఫోనే ముందు పెట్టుకుంది. అందులో సూటు వేసుకున్న ఒకాయన చెయ్యి ఊపుతూ పాఠం చెబుతాడు. ఆయన మాట పీరాంబీ చెవికి ఎక్కడా తగల్లేదు. ఆయనది ఈజిప్టు అరబ్బీ. ఆ విషయం వీళ్లకెలా తెలుస్తుంది? అరబ్బీ అంటే ఒకటే అనుకున్నారు పాపం. మన తనకల్లు మాటా రాజమండ్రి మాటా ఒకటేనా అని ఎవరైనా అడిగి ఉంటే ఇద్దరికీ వెంటనే అర్థమయ్యేది. అడిగేవాళ్లు లేకపోయారు.

బెంగళూరు బస్సు దగ్గర ఫరీదా ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగింది. ఒక్క మాట చెప్పు మా అంది, తల్లి నోటి నుంచి ఆ దీవెన వినాలని. పీరాంబీ పెదవుల దాకా వచ్చింది. మింగేసింది.

"ఆకలైతే అడుగు. సిగ్గుపడొద్దు" అంది, తెలుగులో.

బస్సు పోయింది. ముబారక్ లారీ పని మీద అటునుంచి అటే తాడిపత్రి పోయాడు. పీరాంబీ ఇంటిదాకా మొగుడి వెనకాలే నడిచింది, దారిలో మేక అడ్డమొస్తే దాన్ని కూడా తెలుగులోనే అదిలించింది. మేక కదల్లేదు.

అప్పటి నుంచి మొదలయ్యాయి ఆ కలలు. మధ్యాహ్నం అన్నం తిని వసారాలో ఒరిగితే చాలు, ఎండలో నుంచి యుమ్మా నడిచి వచ్చేది. ఒంటి నిండా కప్పుకున్న నల్ల అబాయా అంచులకు ఎర్రమట్టి అంటుకుని ఉండేది. ఎండిపోయిన వేరుశనగ చేలో వంగి, మొక్కను పీకి, వేళ్లకు కాయలున్నాయేమోనని చూసేది. లేవు. ఇంకో మొక్క పీకేది. ఏం వెతుకుతున్నావు యుమ్మా అని పీరాంబీ అడగబోతే నోట్లో నాలుక కదిలేది కాదు. అడగడానికి అరబ్బీ వద్దనుకుంది, తెలుగు యుమ్మాకు రాదు. ఇద్దరూ ఒకరినొకరు చూస్తూ నిలబడేవాళ్లు. చేను అవతల సముద్రం వచ్చి కొండ మొదట్లో ఆగి ఉండేది, అల లేకుండా, చప్పుడు లేకుండా.

ఒకరోజు కలలో పడవ కూడా వచ్చింది. మట్టిలోనే తేలుతూ వచ్చి వసారా మెట్ల దగ్గర ఆగింది. అందులోంచి తలపాగా చుట్టిన మనిషి గోనెసంచులు దించుతున్నాడు. యుమ్మా నాన్నే అయ్యుండాలి. సంచుల్లో ఏముందని పీరాంబీ తొంగిచూసింది. జూతులూ తిజోరీలూ బంకాలూ కావు, వాటి పేర్లే ఉన్నాయి. వెచ్చగా, పొట్టలో గింజ కదులుతున్న కాయల్లాగా. ఇవి మీవే, మా నాయన మీ ఊళ్ల నుంచి తెచ్చినాడు, మా ఇంట్లో వాడుకున్నాం, ఇప్పుడు మా పిలకాయలకు అక్కరలేదంట, ఎక్కడ పెట్టమంటావు అని యుమ్మా అడిగింది. చిత్రమేమంటే ఆమె తనకల్లు తెలుగులో అడిగింది. లోపల చోటు లేదని చెప్పి పీరాంబీ మెలకువ తెచ్చుకుంది. లేచాక చాలాసేపు ఏడ్చింది. కల అని తెలిసీ ఏడ్చింది.

ఫరీదా వారానికోసారి ఫోన్ చేసేది. బాగుండా మా అనేది. తింటున్నావా అంటే తింటున్నా అనేది. పని ఎక్కువా అంటే, యాడైనా పనే కదా అనేది. అడగాల్సిన మాట మాత్రం పీరాంబీ గొంతులోనే ఉండిపోయేది. నిన్ను నవ్వుతున్నారా? నీకు నోరుందా? ఈ రెండే తెలుసుకోవాలి ఆమె. అడిగితే కూతురు అబద్ధం చెబుతుందని భయం, నిజం చెబుతుందని అంతకంటే భయం. నడుమ రెండు వారాలు ఫోనే రాలేదు. ఆ రెండు వారాలూ పీరాంబీ బట్టలుతికే గదిలో గోడవైపు తిరిగి పడుకున్న ఆడమనిషిని చూస్తూనే గడిపింది. ఆ ఆడమనిషి మొహం ఒకసారి తనదిగా, ఒకసారి ఫరీదాదిగా కనపడేది.

తర్వాత వచ్చిన శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. వీడియో. జమాల్ బాషా తీసి భార్య ముందు పట్టుకున్నాడు. ఫరీదా మొహం సన్నబడింది గానీ కళ్లు తేటగా ఉన్నాయి. వెనకాల సందడిగా ఏదో సందు, సెలవు రోజున మనవాళ్లు కూడే చోటు. చుట్టూ ఎవరెవరో ఆడవాళ్లు ఐస్‌క్రీములు తింటున్నారు. ఈసారి పీరాంబీ ఉండబట్టలేకపోయింది.

"రెండు వారాలు ఏమైపోతివి మే?"

"జొరమొచ్చింది మా."

పీరాంబీ చెయ్యి నోటి మీదికి పోయింది. ఫరీదా తొందరపడకుండా చెప్పుకొచ్చింది. ఫోన్‌లో నేర్చుకున్న మాటలు ఆ ఇంట్లో అక్కరకు రాలేదట. నోరు తెరిస్తే ఈజిప్టు సీరియల్ నాయిక వచ్చిందని పిల్లలు చప్పట్లు కొట్టారట. ఎట్ల మాట్లాడినా నగుతారు మా, కొత్తగా వచ్చినోళ్లను నగేది ఆ ఇండ్లల్లో అలవాటు, నువ్వు ఏది నేర్పినా నగేవాళ్లే అంది. ఆ నవ్వులకు జడిసి తానే నోరు మూసుకుంది. అన్నిటికీ తల ఊపడం మొదలుపెట్టింది. అంతలో జ్వరం తగిలింది. చెప్పలేదు. వెనక సందు వైపున్న చిన్న గదిలో పడుకుంది.

"గోడకల్లే తిరిగి పండుకున్నావా?" అని అడిగింది పీరాంబీ.

"ఊ. అప్పుడు గోడవతల నుంచి నీ మాట వినబడింది మా."

ఎవరో బట్టలారేస్తూ ఒక్కతే పాడుకుంటున్నట్టు వినపడిందట. చేపలు తోమేటప్పుడు పీరాంబీ తీసే రాగమే. జ్వరం నెత్తికెక్కి తల్లి వచ్చిందనుకుంది ఫరీదా. మా, మా అని గోడను కొట్టింది. అవతల పాట ఆగింది. ఎవరమ్మా, ఏమైంది అని అడిగింది ఒక గొంతు, పీరాంబీ వసారా అరబ్బీలో. ఒళ్లు కాలుతోంది అని ఫరీదా కాయ చిట్లించినంత సులువుగా చెప్పేసింది. ఏడవకు యా బాద్ చబ్దీ అని గోడవతల నుంచి వినపడింది. కాసేపటికి ఆ మనిషి సందులోంచి చుట్టూ తిరిగి వచ్చి, వంటింటి తలుపు దబదబా బాది, ఆ ఇంటి మేడమ్‌ను లాక్కొచ్చి ఫరీదా నుదుటి మీద చెయ్యి పెట్టించింది. ఆస్పత్రికి తీసుకుపోయారు.

"ఎవురామె? మన నల్లమ్మా?"

"నల్లమ్మ కాదు మా. అల్మాజ్. ఇథియోపియా ఆమె."

పీరాంబీకి సగమే అర్థమైంది. ఫరీదా విడమర్చి చెప్పింది. ఆ పక్కింట్లో ఇంతకుముందు నల్లమ్మ పనిచేసేది. ఆమె దగ్గర అల్మాజ్ నేర్చుకుంది. ఆ సందులో పనిచేసే శ్రీలంక ఆడవాళ్లు, నేపాల్ ఆడవాళ్లు అల్మాజ్ దగ్గర నేర్చుకున్నారు. తెలుగు అందరికీ రాదు, ఇంగ్లీషు మేడమ్‌కు వచ్చు. అందుకని వెనక గోడల మీదుగా కష్టం సుఖం చెప్పుకోవడానికి వాళ్లకు ఈ మాటే దొరికింది. ఇంటివాళ్లకు ఇది వాళ్ల ముత్తవ్వ భాషలాగే ఉంటుంది గానీ, ఇప్పుడు మొత్తం అర్థం కాదట. దాంట్లో అన్ని దేశాల మాటలూ పడ్డాయి. మేడమ్‌లను తిట్టుకోవాలన్నా హాయిగా దీంట్లోనే తిట్టుకుంటారట. కొత్తగా ఏ పిల్ల దిగినా ముందు ఇది నేర్పిస్తారట.

"ఈడుందామె, మాట్లాడు" అని ఫరీదా ఫోన్ పక్కకు తిప్పింది.

పొడుగ్గా, మెడలో సిలువ గొలుసుతో, నవ్వు మొహంతో ఒకామె తెర నిండా వచ్చింది. తనకల్లు అనే ఊరి పేరు పలకడం కూడా ఆమెకు రాదు. పీరాంబీ కొంగు సర్దుకుంది. నెలల తరబడి మూసిపెట్టిన నోరు తెరిచింది. యుమ్మా పెద్దింటి ఆడవాళ్లను ఎలా పలకరించేదో అలాగే మొదలుపెట్టింది. దేవుడు నీకు ఆయుష్షివ్వాలి, నీ ఒళ్లెలా ఉంది, నీ ఇల్లెలా ఉంది, నీవాళ్లెలా ఉన్నారు, సముద్రం మీద పోయినవాళ్లు క్షేమంగా వచ్చారా. మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోకుండా అనాలి దాన్ని. అంది. ఒక్క మాట కూడా తప్పిపోలేదు.

అల్మాజ్ నోరు తెరుచుకుని విని, పక్కకు తిరిగి ఏదో అంది. ఐస్‌క్రీములు తింటున్న ఆడవాళ్లంతా ఫోన్ చుట్టూ మూగారు. నల్లగా, పసుపుగా, చామనఛాయగా ఎన్ని మొహాలో. మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు అన్నారు. పీరాంబీ మళ్లీ చెప్పింది. సందు సందంతా నవ్వింది. ఒకామె నవ్వలేక ఫరీదా భుజం పట్టుకుంది.

జమాల్ బాషా కంగారుగా భార్య మొహం చూశాడు.

"అవ్వలు అట్లనే అంటుండ్రి అంటాండాది మా" అని ఫరీదా నవ్వుతూనే తెలుగు చేసింది. "ఇప్పుడు అంత పొడుగు ఎవురూ అనరంట. మేమంతా ఏమంటామో చెబుతుందంట, విను."

అల్మాజ్ ఫోన్‌కు దగ్గరగా వచ్చి, చిన్నపిల్లకు చెప్పినట్టు పెదవులు కదిలించి చూపించింది.

"హయ్యాచప్పా."

హయ్యాచ్ అల్లా అని యుమ్మా స్వాగతం చెప్పేది. దాని చివర తనకల్లు అప్పా వచ్చి కూర్చుంది. ఎప్పుడు కూర్చుందో, నల్లమ్మ కూర్చోబెట్టిందో, ఆ తర్వాత ఇంకెవరో, ఇథియోపియా ఆడమనిషి నోట్లో అది పుట్టినప్పటి నుంచీ ఉన్నట్టు ఉంది. పీరాంబీ ఒకసారి అని చూసింది. సాగదీయొద్దు, పొట్టిగా అనాలి అని అల్మాజ్ వేలు ఊపింది. మళ్లీ అంది. ఈసారి బాగుందన్నారు. వాళ్లు ఊరుకోలేదు, ఒకరి మీద ఒకరు పడి మాట్లాడడం మొదలుపెట్టారు. యుమ్మా గొంతులోని ఎత్తుపల్లాలు పీరాంబీకి తెలుస్తున్నాయి. చేపలూ జూతులూ నడుమ నడుమ తగులుతున్నాయి. వాటి మధ్య మాటలన్నీ కొత్తవి, ఎక్కడివో, ఎన్ని దేశాలవో. ఒక మాటకు అందరూ ఒకేసారి గొల్లుమన్నారు. అది ఏ మాటో పీరాంబీకి అంతు చిక్కలేదు. చెవిని ఫోన్‌కు ఆనించింది.

"ఏమంటాండారే?" అన్నాడు జమాల్ బాషా, చెయ్యి నొప్పెట్టి ఫోన్ రెండో చేతికి మార్చుకుంటూ.

"నాకు తెల్దు" అంది పీరాంబీ. ఆ మాట అంటుంటే ఆమెకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేం. "ఉండు, అడుగుతా."